పద్నాలుగో వరుస

ఒకప్పుడు ఇక్కడ కాగితం చేసేవారు.
గోడల్లో ఇంకా ఉడికిన చెక్క వాసన ఉందంటాడు
గేటు దగ్గర కాపలా ఉండే వెయిక్కో.
నా ముక్కుకి మాత్రం
వేడెక్కిన దుమ్ము వాసనే అందుతుంది.

నా పని అర్ధరాత్రి దాటాక.
హెల్సింకీలో దుకాణాలు కట్టేసి
బిల్లులు కట్టేవాళ్ళు పడుకున్నాక,
మూడు వేల సర్వర్లు
చేతిలో పని లేకపోయినా
ఉన్నట్టే రొప్పుతుండే వేళ.

ఖాళీ సర్వర్ నిద్రపోదు.
ఒక్క ప్రయాణికుడూ లేకుండా
ఇంజన్ ఆపని బస్సు అది.
నిండుగా నడిచినప్పుడు తాగేదాంట్లో
దగ్గర దగ్గర సగం
ఊరికే నిలబడి తాగేస్తుంది.

అందుకే రాత్రుళ్ళు కాపురాలు మారుస్తుంటాను.
ఈ సర్వర్‌లో రెండు, ఆ సర్వర్‌లో మూడు
చెల్లాచెదురుగా ఉన్న వర్చువల్ మెషీన్లను
పక్క వరుసలోకి సర్దుతాను,
పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగానే
ఇల్లు మారినట్టు.
ముందు జ్ఞాపకమంతా వెళ్తుంది.
వెళ్ళేలోగా మారిన జ్ఞాపకం వెనకాలే వెళ్తుంది.
ఆఖరికి రెప్పపాటు ఆగి
అవతల కళ్ళు తెరుస్తుంది.
ఓ బ్యాంకు ఖాతా, ఓ బడి హాజరుపట్టీ,
ఔలులో ఎవరో సగం రాసి వదిలేసిన ఉత్తరం,
ఏదీ తను కదిలానని ఎరగదు.
ఖాళీ అయిన ఇంట్లో
దీపం ఆర్పి వస్తాను.

ఆశకి పోకూడదు.
నిరుడు నవంబర్లో పోయాను.
తొంభై ఆరు శాతం నింపాను,
తెరమీద గీత ఎంత ముచ్చటగా ఉందో!
పొద్దున్న ఏడింటికి పింఛన్లు పడ్డాయి.
దేశంలో ముసలివాళ్ళంతా ఒక్కసారే తలుపు తట్టారు.
ఆర్పిన సర్వర్లు లేచేసరికి పదకొండు నిమిషాలు.
ఆ పదకొండు నిమిషాల గురించి
మేనేజర్ రైయ లెహ్తివార
నాతో గంటన్నర మాట్లాడింది.
అప్పట్నుంచి డెబ్బై దగ్గర చెయ్యి ఆపుతాను.
తక్కిన ముప్పై
భయానికి కట్టే అద్దె.

ఇవాళ పద్నాలుగో వరుస ఖాళీ చేస్తుంటే
ఒక్కటి మిగిలింది.
పేరు కొకెయిలు-7.
మా భాషలో ప్రయోగమని అర్థం.
కదపొద్దని తాళం. యజమాని గడిలో ఎస్కో హోల్మ.
ఎస్కో రిటైరయ్యాడు, ఆ మరుసటి చలికాలమే పోయాడు.
నాలుగేళ్ళయింది.

తెరిచి చూశాను.
పది నిమిషాలకోసారి
పాత మిల్లు రేవు కింది సెన్సర్‌ని అడిగి
సరస్సు మీద మంచు మందం రాసుకుంటోంది.
ఇరవై ఒకటి.
ఇరవై ఒకటి.
ఇరవై ఒకటిన్నర సెంటీమీటర్లు.
ఈ నాలుగేళ్ళలో
చదివినవాళ్ళు ఎవరూ లేరు.

తొంభై రోజులు ఎవరూ ముట్టనిది తుడిచెయ్యాలి.
నియమం అంతే, ఒక్క వాక్యం.
అయినా వెయిక్కోకి ఫోన్ చేశాను.
"ఎస్కోనా! పిసినారి వెధవ," అని నవ్వాడు,
"చలికాలమంతా సరస్సు మీంచి నడిచొచ్చేవాడు,
బస్సు డబ్బులు మిగుల్తాయని."
కాసేపాగి, "మంచివాడే," అన్నాడు.

బస్సు డబ్బులు మిగల్చడానికి
పెట్టుకున్న మెషీన్.
ఇది ఒక్కటీ ఉందని ఓ సర్వర్,
సర్వర్ ఉందని ఫ్యాన్లు,
ఫ్యాన్లున్నాయని వరుస మొత్తానికీ చల్లగాలి,
నాలుగేళ్ళు రాత్రీపగలూ.
ఎస్కోకి ఈ లెక్క చూపిస్తే
గుండె పట్టుకునేవాడు.

ఆఖరి అంకె అరచేతిలో రాసుకుని
తుడిచేశాను.
ఫ్యాన్లు ఒక్కసారిగా ఆగవు.
గొణుగుతూ గొణుగుతూ దిగుతాయి.
పద్నాలుగో వరుసలో నిలబడితే
నా కోటు జిప్పు చప్పుడు నాకే వినబడింది.

ఆరుంబావుకి గేటు దాటాను.
స్టాపులో బస్సు ఉంది.
లోపల ఎవరూ లేరు, ఇంజన్ నడుస్తోంది.
తలుపు తెరిచి డ్రైవర్ నాకేసి చూశాడు.
చెయ్యి విప్పి అంకె మరోసారి చదువుకుని
రేవు మెట్లు దిగాను.